మోచేతి మీద రెండు వేళ్ళు

వదిన పోయిందన్న కబురు పొద్దున్నే ఫోన్లో వచ్చింది. విజయనగరం నుంచి అన్నయ్య కూతురు చేసింది. ఆయాసం ఎక్కువైందని అంతకు ముందు వారమే తల్లిని అక్కడికి తీసుకెళ్ళింది. "సిన్నాన్నా, అమ్మ ఎల్లిపోనాది" అంది. నాకు మామూలుగానే మాటలు రావు, ఆ సంగతి ఆ పిల్లకి తెలుసు. మధ్యాహ్నానికల్లా మా ఊరు నౌపడ తీసుకొచ్చేస్తామని చెప్పి పెట్టేసింది.

చర్చి గంట కొట్టించాలి కదా అని పాస్టరుగారింటికి బయల్దేరాను. దారిలో స్టేషను పక్కన టీ బడ్డీ. మా ఇంట్లో ఆడవాళ్ళ ఏడుపు విని ఎవరో అప్పటికే అక్కడ చెప్పేశారు. బడ్డీ అతను నన్ను చూసి గ్లాసు కడుగుతూ, "ఏటి మావా, మీ గుడ్డామె పోనాదట గదా. పాపం" అన్నాడు. నేను అవునని తల ఊపాను. టీ ఇచ్చాడు. తాగాను.

అతను చెడ్డవాడు కాదు. వదినకి జ్వరమొస్తే ఇంటికి టీ పంపించేవాడు. బాధపడే అన్నాడు. అయినా చనిపోయిన మనిషి ఇంకా ఊళ్ళోకి రానేలేదు, ఆమె చూపు పోయినప్పట్నుంచీ వద్దంటూ వచ్చిన 'గుడ్డి', 'పాపం' రెండూ ఒకే ఊపిరిలో వచ్చేశాయి, నేను తల ఊపేశాను.

మా వదిన నన్ను పెద్దగా ఏమీ అడగలేదు. ఒక్కటి అడిగింది. తను పోయాక నన్నెవరైనా మాట్లాడమంటే, తన గురించి 'పాపం' అన్న మాట మాత్రం అనొద్దంది. కష్టమైన పని కాదు. అనకుండా ఉంటే చాలు. అది కూడా చెయ్యలేకపోయాను. ఎలా చెయ్యలేకపోయానో ముందుకి చెప్తాను. మైకులో పాడు చేసినదాన్ని కాగితం మీద కొంచెమైనా బాగు చేసుకుందామని ఇది రాస్తున్నాను. నేను చదువుకున్నది ఊరి బడిలో. తప్పులుంటే మన్నించండి. ఆమె పేరు రాయడం లేదు. మా ఇళ్ళల్లో వదిన పేరు మరిది పలకడు. ఎప్పుడూ పలకనిది ఇప్పుడు కొత్తగా రాయడానికి చెయ్యి ఆడడం లేదు.

వదిన మా ఇంటికొచ్చినప్పుడు ఆమెకి చూపు బాగానే ఉండేది. అన్నయ్యా నేనూ ఆమే ముగ్గురం ఉప్పు మడుల్లో పని చేశాం. నడివయసులో కళ్ళు మసకలన్నది. ఎండలో తెల్లటి ఉప్పు చూసి చూసి అలా అయిందనుకున్నాం. విజయనగరం తీసుకెళ్తే కంట్లో ఒత్తిడి పెరిగి వచ్చే నీటికాసులన్నారు, ఆలస్యమైపోయిందన్నారు. చూపు పోయింది.

ఆ రోజుల్లో చూడ్డానికి జనం వచ్చేవారు. వాకిట్లో మంచం మీద అన్నయ్య, గడపలో వదిన. వచ్చినవాళ్ళు ఆమె ఎదురుగానే కూర్చుని అన్నయ్యని అడిగేవారు. అది తింటన్నాదా, నిద్దరోతన్నాదా, ఏడుస్తన్నాదా అని. తెలుగులో ఒక సౌకర్యం ఉంది. ఆడమనిషిని 'అది' అనెయ్యొచ్చు, మేకనీ గంపనీ అన్నట్టే. కళ్ళు పోకముందు ఆమెని 'అమ్మా' అనో, అక్కని పిలిచినట్టు 'అప్పా' అనో అన్నవాళ్ళే కళ్ళు పోయాక 'అది' అన్నారు. కొన్నాళ్ళు ఊరుకుంది. ఓరోజు ఎవరో అలాగే అడుగుతుంటే గడపలోంచే అంది, "నాను ఇక్కడే ఉన్నాను పెద్దమ్మా. కల్లు పోనాయి గానీ నోరు ఉన్నాది. నన్నే అడుగు."

ఇంకొందరు దగ్గరగా వచ్చి చెవిలో అరిచేవారు, చూపుతోపాటు వినికిడి కూడా పోయిందన్నట్టు. సెవులు బాగానే ఉన్నాయి, మెల్లగా సెప్పండి అనేది. వాళ్ళు సిగ్గుపడేవారు, మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అరిచేవారు.

అన్నయ్య పోయాక ఆమెతో బయటికి వెళ్ళే పని నాకు పడింది. కూతురు విజయనగరం రమ్మంది గానీ వదిన వెళ్ళలేదు. ఈ ఇల్లు కాళ్ళకి తెలుసు, ఆ ఇల్లు తెలవదు అంది. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. చర్చికి, కంటి చుక్కల కోసం విజయనగరానికి, బంధువులిళ్ళకి నేనే తోడు.

మొదటిసారి బయల్దేరినప్పుడు ఆమె మణికట్టు పట్టుకుని ముందు నడిచాను. స్టేషను మెట్ల దగ్గర ఆగిపోయింది.

"మరిదీ, నన్ను సంతకి తోల్తన్నావేటి?"

నాకు అర్థం కాలేదు.

"పెయ్యదూడని లాగినట్టు లాగుతన్నావు. నువ్వు నన్ను అట్టుకోకు. నీ మోసెయ్యి నాకియ్యి, నానే అట్టుకుంటాను. నువ్వు మెట్టెక్కితే నీ మోసెయ్యి ఎక్కుతాది, అప్పుడు నాకు తెలస్తాది."

నేను అటూ ఇటూ చూశాను. నడిబజార్లో వదిన మరిది మోచెయ్యి పట్టుకుని నడవడం మావైపు కొత్త. లోకం ఏటంటాదో వదినా అన్నాను. ఆమె నవ్వి, "లోకం సూస్తే సూడనీ. నాకు కనబడదు గదా" అంది. నా ఎడమ మోచెయ్యి వెతుక్కుని పట్టుకుంది. అప్పట్నుంచి పట్టుకునే నడిచింది. నేను తీసుకెళ్తున్నాననే అందరూ అనుకునేవారు. నిజానికి ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం.

మాట ఎలా మాట్లాడాలో కూడా నేర్పింది, నాకు తెలీకుండానే. నేను "అదిగో, అక్కడ పెట్టాను వదినా" అనేవాణ్ణి. అక్కడంటే నాకేటి తెలస్తాది, కుడి సేతి పక్కన అని సెప్పు అనేది. స్టూలు జరిపితే జరిపానని చెప్పాలి. గదిలోంచి వెళ్ళిపోతే వెళ్తున్నానని చెప్పాలి. ఒకసారి చెప్పకుండా లేచి వచ్చేశాను, ఆమె ఖాళీ గదితో చాలాసేపు కబుర్లు చెప్పిందట. తరవాత తనే చెప్పుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అంత నేర్పినా నేను కొన్నిచోట్ల మరీ ఎక్కువ జాగ్రత్త పడేవాణ్ణి. 'చూశావా' అనే మాట నోట్లోకి వస్తే మింగేసేవాణ్ణి. నిన్న టీవీలో అది విన్నావా వదినా అని తిప్పి అడిగేవాణ్ణి. ఓరోజు పట్టేసింది. "సూసావా అనే అడుగు మరిదీ. సూసాననే సెప్తాను. ఆ మాట కల్లున్న మీ ఒక్కలదే ఏటి?" అంది.

ఇక నా అసలు జబ్బు ఒకటుంది. నా గురించి మాట్లాడమంటే నాకు నోరు పెగలదు. వదినని అడిగినవాటికి మాత్రం టక్కున నేనే జవాబిచ్చేసేవాణ్ణి. డాక్టరు నా వైపు చూసి నొప్పి ఎక్కడంటే ఆమె నొప్పి నేను చెప్పేసేవాణ్ణి. అప్పుడామె నా మోచేతి మీద రెండు వేళ్ళతో నొక్కేది. గట్టిగా కాదు. నువ్వు ఆగు, నాను సెప్తాను అని దానర్థం. నేను ఆగేవాణ్ణి. ఆమె డాక్టరుగారి గొంతు వచ్చిన వైపు తిరిగి చెప్పేది. ఆయన తరవాతి ప్రశ్న మళ్ళీ నన్నే అడిగేవాడు. మళ్ళీ రెండు వేళ్ళు.

విజయనగరంలో చీరల కొట్టుకి ఒకసారి వెళ్ళాం. మనవరాలి పెళ్ళి. కొట్టతను పెద్దాయన, మర్యాద తెలిసినవాడే. మజ్జిగ ఇప్పించాడు. ఇప్పించి నన్ను అడిగాడు, "అమ్మగారికి ఏ రంగు తియ్యమంటారు? ఏదైతేనేంలెండి, మెత్తగా ఉన్నది చూపిస్తాను." నేను సరే అనబోయాను. వేళ్ళు పడ్డాయి.

"ఆవపువ్వు రంగు తియ్యి బాబూ. ఎర్ర అంచు. రంగు నా కోసం గాదు, ఫొటోలో నన్ను సూసినోల్ల కోసం."

అతను చీరలు తీశాడు. తియ్యడమే కాదు, ప్రతి చీరా ఆమె చేతికిచ్చి ఇది కొంచెం ముదురమ్మా, ఇది పండిన నిమ్మకాయలా ఉంటుందమ్మా అని ఆమెకే చెప్పాడు. చాలాసేపు చూసింది. అవును, చూసింది అనే రాస్తున్నాను. దారిలో ఆ కొట్టతన్ని మెచ్చుకుంది. ఒక్కసారి సెప్తే తెలుసుకున్నాడు, నీకు ఎన్నిసార్లు నొక్కాల మరిదీ అంది.

ఒకసారి ఆమదాలవలసలో క్యాంపు పెడితే, చూపు లేదని రాసిచ్చే సర్టిఫికెట్టు కోసం వెళ్ళాం. అక్కడ ఒక ఆఫీసరు మైకులో చక్కగా మాట్లాడాడు. ఇకనుంచి ఎవరూ గుడ్డి, కుంటి అనకూడదని, దివ్యాంగులు అనాలని చెప్పాడు. నాకు బాగుందనిపించింది. వదిన కూడా మంచి మాటే సెప్పాడు అంది. మా వంతు వచ్చింది. ఆ ఆఫీసరే నా వైపు చూసి, "ఈ దివ్యాంగురాలికి బొత్తిగా కనపడదా?" అన్నాడు. వదిన రెండు వేళ్ళూ ఎత్తింది గానీ నొక్కలేదు. నవ్వొచ్చేసింది ఆమెకి. బయటికొచ్చాక అంది, "పేరు దేవతకి ఎట్టినట్టు ఎట్టారు గానీ, నాను ముంగట నిలబడితే ఇంకా కనబడ్డం లేదు. ఎవులికి కల్లు లేవో తెలీడం లేదు మరిదీ."

మంచి మాట వద్దని ఆమె ఎప్పుడూ అనలేదు. గుడ్డిది అంటే బాధపడేది. చూపు లేని ఆవిడ అంటే సరేననేది. కానీ ఏ మాటైనా తన తల మీంచి పక్కవాళ్ళతో అంటే, మంచిదైనా చెడ్డదైనా రెండూ ఒకటే అనేది.

'పాపం' సంగతి చర్చిలో వచ్చింది. ఒక ఆదివారం ఎక్కడినుంచో ఒక ప్రసంగీకుడు వచ్చాడు. ప్రసంగం చివర వదినని ముందుకి తీసుకురమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. నేను తీసుకెళ్ళాను. ఆయన ఒక్కసారిగా ఆమె తల మీద చెయ్యి వేసి గట్టిగా ప్రార్థన మొదలెట్టాడు. ఆమె ఉలిక్కిపడింది, నా మోచెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ఆయన చీకటి గురించీ పాపం గురించీ ప్రార్థించాడు. ఆడవాళ్ళ వైపు చాపల మీంచి అయ్యో పాపం అని వినపడింది. ప్రార్థన అయ్యాక వదిన, "అయ్యగారూ, సెయ్యేసే ముందర ఓ మాట సెప్పండి. ఎవులు ముట్టుకున్నారో నాకు తెల్దు గదా" అంది. ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

మా పాస్టరుగారు మాత్రం ఆ మాట పట్టుకున్నారు. తరవాత్నుంచి, "నేనమ్మా, పాస్టర్ని, చెయ్యి వేస్తున్నాను" అని చెప్పి మరీ వేసేవారు. 

ఆ ప్రసంగీకుడు వచ్చిన ఆదివారం ఇద్దరం ఇంటికి వస్తున్నాం. ఉప్పు మడుల గట్టు దగ్గర గాలి బాగా వీస్తోంది. అక్కడ ఆగింది.

"మరిదీ, ఒకలు జాలిపడి పాపం అంటారు. ఇంకొకలు తప్పు సేసానని పాపం అంటారు. మాట ఒకటే గదా. నాకు రెండూ ఒక్కలాగే ఇనబడతన్నాయి. నానేటి పాపం సేసాను?"

"ఏటీ సెయ్యలేదు వదినా" అన్నాను.

"మరైతే నాను సచ్చిపోయాక నీ సేత మాట్టాడిస్తారు. మన ఇంట్లో మగోడివి నువ్వే గదా ఉన్నావు. అప్పుడు ఆ ముక్క అనకు. ఊరంతా అంటే అననీ. నువ్వనకు."

"సరే" అన్నాను. నాకు ఆ ఒక్క మాటే వచ్చింది. నా మోచెయ్యి ఒకసారి తట్టి నడవమంది.

ఇప్పుడు ఆమె పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక గురించి రాయాలి. రాయడానికి మూడు రోజులు వెనకాడాను.

చర్చి నిండిపోయింది. కీర్తన పాడారు. పాస్టరుగారు మంచిగా మాట్లాడి, ఆమెతో ఎక్కువ దూరం నడిచిన మరిదిగారు ఇప్పుడు ఆమె గురించి సాక్ష్యం చెప్తారన్నారు. నేను ఇంటి దగ్గర అంతా అనుకుని వచ్చాను. ఆవపువ్వు రంగు చీర గురించి చెప్పాలి. మోచెయ్యి గురించి చెప్పాలి. నోరు ఉన్నాది నన్నే అడుగు అన్నది చెప్పాలి. టీ బడ్డీ దగ్గర తల ఊపినందుకు ఇక్కడ సరిచేసుకోవాలనుకున్నాను. మైకు నా చేతికిచ్చారు. అది కూత పెట్టింది. అందరి మొహాలూ నా వైపే ఉన్నాయి. అన్నీ మర్చిపోయాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"పాపం, మా వదిన..."

అంతే. వినగానే నాకే తెలిసింది. చాపల వైపునుంచి 'ప్చ్' అని ఒకావిడ అంది, దాని వెనక ఇంకొకరు, తరవాత ఆ వైపంతా. వదిన బతికుండగా ఆ చప్పుడు వింటే మొహం పక్కకి తిప్పుకునేది. నా మోచేతి దగ్గర ఎవరూ లేరు. నొక్కేవాళ్ళు లేరు. తరవాత ఒక్క ముక్క రాలేదు. చేతులు జోడించి వచ్చి కూర్చున్నాను.

దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకున్నారు అందరూ. భోజనాల దగ్గర ఒక్కొక్కరే వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. సొంత తల్లిలాగ చూశావన్నారు. ఒక్క మాటలో అంతా చెప్పేశావన్నారు ఒకాయన. మెచ్చుకుంటుంటే అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తిట్టినా తేలిగ్గా ఉండేది.

చెయ్యి కడుక్కుంటుంటే అన్నయ్య కూతురు నీళ్ళు పొయ్యడానికి వచ్చింది.

"సిన్నాన్నా, అమ్మ ఉంటే ఏటనేదో తెలుసా?"

"తెలుసమ్మా."

"సెప్పు మరి."

"నానేటి పాపం సేసాను అనేది."

ఆ పిల్ల నవ్వింది. నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చెంబులో నీళ్ళు నా కాళ్ళ మీద పడిపోయాయి. కాసేపటికి అంది, "ఊరంతా అన్నా మీ సిన్నాన్న అనడు అని ఆస్పత్రిలో కూడా అన్నాది సిన్నాన్నా." కోపంగా అనలేదు. ఉన్నది చెప్పింది. నేను తువ్వాలు వెతుక్కుంటున్నట్టు అటు తిరిగిపోయాను.

తరవాత వచ్చిన ఆదివారం మళ్ళీ మైకు అడుగుదామనుకున్నాను. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, వాతావరణం గురించి మాట్లాడి వచ్చేశాను. నా సంగతి అంతే.

మొన్న విజయనగరం ప్రయాణం పెట్టుకున్నాను. ఆవపువ్వు రంగు చీర తనకిమ్మని కూతురు అడిగింది. సంచిలో పెట్టుకుని స్టేషనుకి వెళ్ళాను. టికెట్ల దగ్గర నా ముందు ఒకావిడ ఉంది, చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి మీద. నలభై ఏళ్ళుంటాయేమో. తల నున్నగా దువ్వుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని ఉంది. ఆవిడెవరో నాకు తెలీదు. కిటికీ ఎత్తుగా ఉంది. లోపలతను ఆవిడ తల మీంచి నన్ను చూసి అడిగాడు, "ఈమెకి ఎక్కడికి?"

నా నోరు తెరుచుకుంది. అలవాటు అది. ఎవరో ఏమో బాబూ అనేసేవాణ్ణి, చివర ఆ ముక్క కూడా కలిపేసేవాణ్ణేమో. ఎడమ మోచేతి మీద రెండు వేళ్ళు పడ్డట్టయింది. ఎవరూ లేరు, నాకు తెలుసు. లేరని తెలిసినా ఆగాను.

"ఆవిణ్ణే అడగండి" అన్నాను.

గొంతు బయటికి రాలేదు. లోపలతను ఏంటీ అన్నాడు. వరసలో వాళ్ళందరూ నన్ను చూస్తున్నారు.

"ఆవిడే సెప్తారు. ఆవిణ్ణే అడగండి" అని మళ్ళీ అన్నాను. ఈసారి కొంచెం గట్టిగానే వచ్చింది.

అతను వంగి చూశాడు. ఆవిడ తల ఎత్తి, ఆమదాలవలస ఒకటి అంది. టికెట్టు తీసుకుంది. బండి వెనక్కి తిప్పుకుంటూ నా వైపు ఒక చూపు చూసి, "కాలు తియ్యి మావా, సక్రం ఎక్కుతాది" అంది. తీశాను. వెళ్ళిపోయింది.

నేనూ టికెట్టు తీసుకుని ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాను. రైలు రావడానికి ఇంకా టైముంది. కుడి చేతిలో చీర సంచి. ఉప్పు మడుల మీంచి గాలి వస్తోంది. కాసేపటికి గమనించాను, నా ఎడమ చెయ్యి ఊరికే వేలాడడం లేదు. మోచెయ్యి వంగి, పక్కటెముకలకి కొంచెం ఎడంగా నిలబడి ఉంది, ఒక మనిషి చెయ్యి దూరేంత ఎడంగా. పక్కన ఎవరూ లేరు, చూసినవాళ్ళు ఏమనుకుంటారో అనిపించింది.

రైలు వచ్చేదాకా మోచెయ్యి అలాగే ఉంచాను.